నాలుగున్నర అడుగుల పెట్టె, 149 రోజులు

"అంత పెద్దది ఎలా పోతుందండీ?"

2024 ఆగస్టు నుంచి నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. కొరియర్ ఆఫీసులో అడిగారు, బీమా కంపెనీ వాళ్లు ఫోనులో అడిగారు, మా ఇంటికి పాలు తెచ్చే అతనూ అడిగాడు. ఉత్తరం పోయిందంటే ఎవరూ నోరు వెళ్లబెట్టరు. ఉంగరం పోయిందంటే ఎవడో కొట్టేశాడంటారు. మాది 140 సెంటీమీటర్ల పొడవున్న చెక్కపెట్టె. తలుపులోంచి బయటికి తేవాలంటే ఒక మనిషి ముందు, ఒక మనిషి వెనక పట్టుకోవాలి. లోపల బొబ్బిలి వీణ.

మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తూ మూడేళ్లుగా వీణ నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ టీచరుగారి వీణ మీదే సాధన. సొంత వీణ కొనివ్వాలని 2024 మే నెలలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లి ఏకాండి వీణకు చెప్పి వచ్చాం. కుండ (గుండ్రటి బుర్ర), దండి (పొడుగు మెడ), తల అంతా ఒకే పనసమానులోంచి తొలిచేదాన్ని ఏకాండి అంటారు. ఎక్కడా అతుకు ఉండదు. ధర 32,000. బయానాగా 10,000 ఫోనులోనే పంపాను. ఆగస్టు 20న వెళ్లి మిగతా 22,000 కూడా అలాగే ఫోనులో కట్టి, వీణ తెచ్చుకున్నాం. బిల్లు అడిగితే ఆ పెద్దాయన గీతల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, "ఏకాండి వీణ ఒకటి, అక్షరాలా ముప్పై రెండు వేల రూపాయలు, పూర్తిగా ముట్టినవి" అని గుండ్రటి చేతిరాతతో రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెట్టారు. అంత అందమైన బిల్లు నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత నెలల తరబడి నన్ను ఏడిపించినవాటిలో ఆ కాగితం ఒకటి.

నేను ఇరవై ఆరేళ్లు సహకార బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. "ఈ కాగితం చాలదండీ, ఇంకొకటి తెండి" అని ఎంతమందిని తిప్పి పంపానో లెక్క లేదు. ఇకముందు చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటే నా మీద జాలి కొంత తగ్గుతుంది.

విశాఖలో మా వీధి వడ్రంగి 2,200 తీసుకుని పెట్టె చేశాడు. తీగలు వదులు చేసి, దండి మీద అడ్డంగా ఉండే మెట్ల మీద మెత్తటి గుడ్డ చుట్టి, చుట్టూ థర్మకోల్ ముక్కలు, పాత దుప్పట్లు కూరాం. మూత బిగించాక వడ్రంగి తనంతట తానే నీలం రంగుతో పెట్టె పక్కన "వీణ. మెల్లగా దించండి" అని రాశాడు. మావారు చూసి, పుణెలో తెలుగు ఎవరు చదువుతారు, ఇంగ్లీషులో రాయవలసింది కదా అన్నారు. ఎలాగూ లేబుల్ ఇంగ్లీషులోనే అంటిస్తారు కదా అని వదిలేశాం. అమ్మాయికి చూపించడానికి నాలుగు ఫోటోలు తీశాను: పెట్టెలో వీణ, వీణ వెనక భాగం, మూత వేశాక పెట్టె, కౌంటరులో కాటా మీద పెట్టె. క్లెయిము గురించి నాకు అప్పుడు ఆలోచనే లేదు.

బుక్ చేసింది ఆగస్టు 28, బుధవారం. కాటా మీద 21 కిలోలు తూగింది. బిల్లు మాత్రం 50 కిలోలకు వేశారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తే వచ్చేదాన్ని కూడా బరువుగానే లెక్కిస్తారట, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. మా పెట్టె 140, 42, 42. కిలోకు 38 చొప్పున రవాణా 1,900. తర్వాత ఆ అబ్బాయి తల ఎత్తకుండానే "రిస్క్ ఓనర్‌దా, క్యారియర్‌దా?" అని అడిగాడు. అర్థం కాలేదు. పోతే ఎవరు భరించాలి అని దాని భావం. వస్తువు విలువలో రెండు శాతం అదనంగా కడితే బీమా ఉంటుంది, లేకపోతే పోయినప్పుడు కంపెనీ ఇచ్చేది నామమాత్రం. మావారు "రోడ్డు మీద వెళ్లే పెట్టెకు బీమా ఎందుకు" అన్నారు. బ్యాంకు బుద్ధి కొద్దీ నేను కట్టాను. విలువ 34,000 అని రాయించి, 680 కట్టాను. డాకెట్ (సరుకు రసీదు) చార్జీ 100, పన్ను అన్నీ కలిపి 3,162 అయింది. సెప్టెంబరు 4కల్లా చేరుతుందన్నారు.

పెట్టె ఎక్కడుందో ఫోనులో చూడడం నాకు రెండు పూటల వ్యసనమైంది. 30న విజయవాడ. 31, శనివారం ఉదయం 11 గంటల 40 నిమిషాలకు హైదరాబాద్ హబ్‌కు చేరినట్టు చూపించింది. "నీ వీణ హైదరాబాద్ వచ్చేసింది" అని ఆ తెరను ఫోటో తీసి అమ్మాయికి పంపాను. అప్పటికే కుండపోత వానలు. మర్నాటికి బుడమేరు వాగు విజయవాడను ముంచింది. హైదరాబాద్ హైవే మీద నీళ్లు, రైళ్లు బంద్.

4న పెట్టె రాలేదు. ఫోను చేస్తే "వరదలు కదా మేడమ్" అన్నారు. న్యాయమే అనిపించింది. టీవీలో సింగ్ నగర్ ఇళ్లు కనిపిస్తున్నాయి, జనం మేడల మీద నిలబడి పాల ప్యాకెట్ల కోసం చేతులు చాస్తున్నారు. ఆ సమయంలో నా పెట్టె ఏదీ అని అడగడానికి సిగ్గేసింది. వినాయక చవితి వెళ్లిపోయింది. 9న ఒకసారి, 12న ఒకసారి అడిగాను, అదే సమాధానం. 12వ తేదీన ఒక విషయం గమనించాను. ట్రాకింగులో పాత వివరాలు మాయమై, "ప్రకృతి వైపరీత్యం వల్ల ఆలస్యం" అనే ఒక్క లైను మిగిలింది. హైదరాబాద్ చేరిందన్న మాట ఇప్పుడు అక్కడ లేదు. అప్పటికీ నాకు అనుమానం రాలేదు, కాస్త ఇబ్బందిగా మాత్రం అనిపించింది.

18న ఆఫీసుకే వెళ్లాను. అదే అబ్బాయి. డాకెట్ కాపీ చూసి, "మీకు రిస్క్ కవర్ ఉంది కదా మేడమ్, ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి" అన్నాడు.

"ఏ ఇన్సూరెన్స్ వాళ్లను?"

కాగితం తిప్పి చూపించాడు. వెనక లేత బూడిదరంగు అక్షరాలు, చీమల బారులా. నేను 680 కట్టింది కొరియర్‌కు కాదు, వాళ్ల ద్వారా వేరే బీమా కంపెనీకి. బుక్ చేసిన రోజు సాయంత్రమే ఆ కంపెనీ నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. లోను కావాలా, చీరల మీద తగ్గింపు కావాలా అనే మెసేజ్‌ల మధ్య పడి ఉంది. అందులోని షరతులు ఇంటికి వచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివాను. సరుకు చేరవలసిన తేదీ దాటిన 7 రోజుల లోపు బీమా కంపెనీకి తెలియజేయాలి. అంటే సెప్టెంబరు 11 లోపు. నేను చదువుతున్నది 18 రాత్రి.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మావారు ఏమీ అనలేదు, అదీ బాధే. ఫోనులో కాల్ వివరాలు తీసి, ఏ తేదీన ఎన్ని గంటలకు కొరియర్‌కు చేశానో, వాళ్లు ఏం చెప్పారో వరుసగా రాసి, "పై కారణాల వల్ల జరిగిన ఆలస్యాన్ని మన్నించగలరు" అని ముగించి మెయిల్ పంపాను. ఆ వాక్యం ఉన్న అర్జీలు నా ఉద్యోగంలో వేలకొద్దీ అందుకున్నాను. రాయడం ఇదే మొదటిసారి. 19 మధ్యాహ్నం క్లెయిము నంబరు వచ్చింది. ఆలస్యం గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. కొరియర్ వాళ్లే ఆగమన్నారని తేదీలతో సహా చూపడం వల్లే అని నా నమ్మకం.

23న కాగితాల జాబితా పంపారు. మొత్తం పదకొండు. ఫారం, డాకెట్, పాన్ కార్డు, క్యాన్సిల్ చేసిన చెక్కు లాంటివి ఒక పూట పని. సరుకు అందలేదని అమ్మాయి పుణె నుంచి సంతకం చేసి పంపవలసిన ఉత్తరం ఇంకో రెండు రోజులు. ఇక్కట్లు మూడింటితో వచ్చాయి.

మొదటిది, కొరియర్ మీద నేనే పరిహారం కోరుతూ నోటీసు పంపాలి. బీమా ఉన్నప్పుడు వాళ్లతో గొడవ ఎందుకు అనుకున్నాను. నాకు డబ్బిచ్చాక బీమా కంపెనీ ఆ డబ్బును కొరియర్ నుంచి రాబట్టుకోవడానికి చూస్తుంది. నేను నోటీసు ఇవ్వకపోతే వాళ్ల దారి మూసుకుపోతుంది, అప్పుడు నా క్లెయిమూ మూసేస్తారు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే తర్వాత దావా వేయడానికి వీలుండదు. మా లెక్కలో గడువు 2025 ఫిబ్రవరి 24. బోలెడు సమయం ఉన్నట్టే ఉంటుంది. కొరియర్ వాళ్లు "వెతుకుతున్నాం" అంటూ ఉంటే నెలలు ఎలా జారిపోతాయో చూశాక నాకు భయం వేసింది. దసరా కాగానే, అక్టోబరు 14న, రిజిస్టర్డ్ పోస్టులో ఎక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపాను. 21న వాళ్ల ముద్రతో కార్డు తిరిగొచ్చింది. ఆ గులాబీ రంగు అట్టముక్కను పసుపుకుంకుమల డబ్బా పక్కన దాచుకున్నాను.

దసరా అన్నాను కదా. అక్టోబరు 9 మూలా నక్షత్రం. ఆ రోజు సరస్వతీ పూజలో కొత్త వీణ పెట్టాలన్నదే మా ఆత్రమంతా. అమ్మాయి వీడియో కాల్ చేసింది. పీట మీద పసుపు గుడ్డ పరిచి, దాని మీద స్వరాల పుస్తకం, ఎలక్ట్రానిక్ తంబురా పెట్టుకుంది. వాటి వెనక వీణ పట్టేంత చోటు ఖాళీగా వదిలింది. కావాలనే వదిలిందో, అలవాటుగా వదిలిందో నేను అడగలేదు. వంటింట్లో పని ఉందని చెప్పి కాల్ పెట్టేశాను.

రెండో చిక్కు, సరుకు చేరలేదని కొరియర్ ఇవ్వవలసిన ధ్రువపత్రం. నాలుగు మెయిళ్లు, రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరుగుడు తర్వాత నవంబరు 6న ఇచ్చారు. "వరదల కారణంగా సరుకు గల్లంతైనది" అని ఒక్క వాక్యం. కాగితం వచ్చిందన్న సంతోషంలో చదవకుండానే బీమా కంపెనీకి పంపేశాను. 14న వాళ్ల జవాబు వచ్చింది. నా కవర్‌లో చోరీ ఉంది, సరుకు చేరకపోవడం ఉంది, వరద లేదు. కాబట్టి క్లెయిము ఎందుకు తిరస్కరించకూడదో చెప్పాలి.

అప్పుడు వెలిగింది, ఆ వాక్యంలో ఉన్న తెలివి. దైవఘటన అయితే ఆ చట్టంలోనే రవాణా కంపెనీకి బాధ్యత నుంచి మినహాయింపు ఉంది. వరద అని రాస్తే వాళ్లు బయటపడతారు, బీమా కంపెనీ కూడా బయటపడుతుంది, వీణ సంగతి బుడమేరు చూసుకుంటుంది. ఇళ్లు కోల్పోయిన ఊరి పేరు చెప్పి నా పెట్టెను ముంచేశారని ఆ రోజు వచ్చినంత కోపం నాకు ఈ వ్యవహారంలో మరెప్పుడూ రాలేదు.

అమ్మాయికి పంపిన ఫోటో ఉంది కదా. ఆగస్టు 31, 11:40, హైదరాబాద్ హబ్. హైవే మునగకముందే పెట్టె విజయవాడ దాటేసింది. ఆ ఫోటో జతచేసి బీమా కంపెనీకి, కొరియర్‌కు ఒకే మెయిల్ పెట్టాను. ఆ మర్నాడే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒక అమ్మాయి ఓపికగా డాకెట్ నంబరు, తేదీలు రాసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చింది. ఆఖర్న ఆవిడా అడిగింది, అంత పెద్దది ఎలా పోయిందండీ అని. పది రోజుల్లో, నవంబరు 25న, కొరియర్ కొత్త ధ్రువపత్రం పంపింది. "హైదరాబాద్ కేంద్రానికి చేరిన పిమ్మట ఆచూకీ లభ్యం కాలేదు." ఈసారి మూడుసార్లు చదివాను.

మూడోది ఆ అందమైన బిల్లు. డిసెంబరు 3న మెయిల్ వచ్చింది, జీఎస్టీ ఇన్‌వాయిస్ కావాలట. మన దేశంలో చేతితో తయారుచేసే సంప్రదాయ వాద్యాలకు జీఎస్టీ లేదు, ప్రభుత్వ జాబితాలో సరస్వతీ వీణ పేరు కూడా ఉంది. లేని పన్నుకు బిల్లు ఎక్కడి నుంచి తేవాలి? ఆ జాబితా పంపాను. బయానా, మిగతా సొమ్ము కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు పంపాను. తయారుచేసినవారి నుంచి ఒక లేఖ, ఆయన గుర్తింపు కార్డు నకలు కూడా కావాలన్నారు.

అంటే ఆయనకు ఫోను చెయ్యాలి. వీణ పోయిందని అప్పటిదాకా ఆయనకు చెప్పలేదు. మూడు నెలలుగా తప్పించుకుంటున్నాను. ఆయన ఫోను ఎత్తుతూనే "మేళం ఏమైనా కదిలిందా అమ్మా? పుణె గాలికి అలా జరుగుతుంది, పంపించండి, మళ్లీ కడతాను" అన్నారు. మెట్లను మైనంలో కుదర్చడాన్ని వాళ్లు మేళం కట్టడం అంటారు. నేను ఉన్నమాట చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎవరి చేతికైనా చేరి ఉంటుందంటారా, వాయిస్తూ ఉండి ఉంటారా?" అని అడిగారు. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టె ఎలా పోయిందని అడగని మనిషి ఆయన ఒక్కరే. లేఖ నాలుగు రోజుల్లో వచ్చింది, అదే గుండ్రటి చేతిరాతతో.

డిసెంబరు 18న బీమా కంపెనీ తరఫున విచారణ చేసే ఆయన ఫోను చేశారు. మర్యాదస్తుడే, కానీ ప్రతి ప్రశ్నా రెండుసార్లు, మాట మార్చి అడిగారు. "బజారులో సగం ధరకే వీణలు దొరుకుతున్నాయి కదా మేడమ్?" దొరుకుతాయి, అతుకు వీణలు. నేను పంపిన రెండో ఫోటో తెరవమన్నాను. వీణ వెనక భాగం, కుండ దగ్గర నుంచి దండి దాకా పనసచెక్క నరాలు ఒకే ధారగా సాగుతాయి, మధ్యలో ఎక్కడా గీత ఉండదు. ఆయన ఫోటో పెద్దది చేసి చూస్తున్నట్టున్నారు. కాసేపటికి "అవును, అతుకు లేదు" అన్నారు, కొంచెం మెత్తగా. అమ్మాయి వెనక వైపు కూడా చూపించమ్మా అని అడగబట్టి తీసిన ఫోటో అది.

తర్వాత పది రోజులు ఏ కబురూ లేదు. 29న బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. నాలుగో రోజు కంపెనీ నుంచి ఫోను వచ్చింది, "ఫైలు కదులుతోంది మేడమ్" అని. జనవరి 7న లెక్క వచ్చింది. బిల్లు ఉన్న 32,000కే ఒప్పుకున్నారు. అందులో ఐదు శాతం, అంటే 1,600, షరతుల ప్రకారం నేనే భరించాలి. ఇచ్చేది 30,400. పెట్టెకు బిల్లు లేదు కాబట్టి 2,200 పోయినట్టే. నేను రెండు శాతం కట్టింది 34,000 మీద కదా అంటే, అది గరిష్ఠ పరిమితి మాత్రమే అన్నారు. వడ్రంగి చేత ఒక చీటీ రాయించుకుని ఉంటే అయిపోయేది.

డబ్బు రావడానికి ముందు వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒక ఒప్పందం రాసి, నోటరీ చేయించి పంపాలి. దాన్ని సబ్రోగేషన్ లెటర్ అంటారు. ఈ సొమ్ము పుచ్చుకున్నాక ఆ వస్తువు మీద, దాని గురించి కొరియర్‌ను అడిగే హక్కు మీద నాకేమీ మిగలదు, అన్నీ బీమా కంపెనీవి. సంతకం చేసేటప్పుడు మావారు "పోయినదాని మీద హక్కు ఎవరికుంటే ఏం" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. సంక్రాంతి సెలవులు దాటి, జనవరి 24 శుక్రవారం సాయంత్రం ఖాతాలో 30,400 పడ్డాయి. బుక్ చేసిన రోజు నుంచి 149 రోజులు.

రవాణా చార్జీ కొరియర్ నుంచే రాబట్టుకోవాలి. తర్వాతి బుకింగులో తగ్గిస్తామని కూపన్ ఇవ్వబోయారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో రెండు మెయిళ్ల తర్వాత ఫిబ్రవరి 6న 1,900 వేశారు. పన్ను, రిస్క్ చార్జీ వెనక్కి రావు. స్టాంపు పేపరు, నోటరీ, పోస్టు ఖర్చులకు నా చేతి నుంచి మరో 540 అయింది. మొత్తం మీద వీణ లేకపోగా 5,602 నష్టం. ఇంకొంత డబ్బు వేసి గొల్లపల్లిలో మళ్లీ వీణకు చెప్పాం. మంచి పనసమాను ఎండాలి, వేసవి దాటుతుందన్నారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

మార్చి 11న తెలియని నంబరు నుంచి హిందీలో ఫోను. ముంబయి దగ్గర భివండీ గోదాములో ఆరు నెలలుగా గోడవార ఒక పొడుగు పెట్టె ఉందట. లేబుల్ లేదు. వానకు తడిసి ఊడిపోయి ఉంటుంది, మేము పైన ప్లాస్టిక్ కవరు చుట్టలేదు, కాగితం లేబుల్ సరాసరి చెక్క మీదే అంటించారు. పక్కన నీలం రంగుతో ఏదో రాసి ఉంది కానీ అది ఏ భాషో ఎవరికీ తెలియలేదు. ఆ వారం సరుకు దించడానికి వచ్చిన లారీ డ్రైవరు మనవాడు. చదివి, "ఇది వీణ, మెల్లగా దించమని రాసింది" అని చెప్పాడట. కంప్యూటర్‌లో వీణ అని వెతికితే నా పేరు వచ్చింది. వాట్సాప్‌లో ఫోటో పంపాడు. పెట్టె మీద మరో మూడు పెట్టెలు, వాటి సందులోంచి మా వడ్రంగి రాసిన "వీ" కనిపిస్తోంది, గుడిదీర్ఘం కొంచెం వంకర.

"మీదేనా మేడమ్?" అని అడిగాడు.

నాదే. కానీ కాదు. స్టాంపు పేపరు మీద సంతకం చేసి ఇచ్చాను. ఆ సంగతి హిందీలో ఎలా చెప్పాలో తెలియక క్లెయిము నంబరు చదివి వినిపించాను. అమ్మాయి అయితే ఆ సాయంత్రమే పుణె నుంచి భివండీ వెళ్లిపోతానంది. వెళ్లినా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నేను అదే రోజు బీమా కంపెనీకి మెయిల్ పెట్టాను. డబ్బు తిరిగి కట్టేసి వీణ తీసుకోవచ్చా అని అడిగాను. అలా కుదరదు, వస్తువును పరిశీలించి ధర కట్టి అమ్ముతాం, మీరు కూడా కొనుగోలు ధర రాసి పంపవచ్చు అన్నారు. నా వీణకు నేను ధర రాయాలి. 32,000 పెట్టి కొన్నదానికి చివరికి 8,000 అని రాసి పంపాను. తక్కువ రాశానేమో అని ఒక రాత్రి, ఎక్కువ రాశానేమో అని ఒక రాత్రి నిద్ర లేదు. పది రోజులైంది, జవాబు రాలేదు.

గొల్లపల్లి పెద్దాయనకు మాత్రం ఈసారి వెంటనే ఫోను చేశాను. దొరికిందంటే చాలా సంతోషించారు. ఆ తర్వాత ఎక్కడ పెట్టారని అడిగారు. ఫోటోలో కనిపించినంతవరకు చెప్పాను, పైన రేకుల కప్పు ఉందని.

"మార్చి నెలమ్మా," అన్నారు. "మైనం కారిపోతుంది. పెట్టెను కాస్త నీడకు జరపమని వాళ్లకు చెప్పండి."

భివండీ నంబరుకు ఇప్పటికి నాలుగుసార్లు చేశాను, ఎత్తడం లేదు.